మొదటి తొన

"తినకుండా ఎలా కొంటావు పెద్దమ్మా? ముందు రుచి చూడు," అన్నాడు చమ్లోంగ్.

ముసలావిడ తల అడ్డంగా ఊపింది. పంపరపనసను రెండు చేతులా ఎత్తి, కళ్ళు మూసుకుని వాసన చూసింది.

మెఖ్లాంగ్ కాలువ ఒడ్డున చమ్లోంగ్ దుకాణానికి ఒక పద్ధతి ఉంది. కాయ ఒలిచి మొదటి తొన తను తింటాడు. రెండోది కొనేవాళ్ళ చేతిలో పెడతాడు. "నా నోటికి తియ్యగా లేనిది మీకు అమ్మను" అన్నది వాళ్ళ నాన్న నాటి మాట. అలా పొద్దుగూకేలోపు అతని కడుపులోకి ఎన్ని తొనలు పోయేవో అతనికే తెలియదు.

బ్యాంకాక్ నుంచి కార్లలో వచ్చే దొరసానులు కూడా ఆ రెండో తొన కాదనరు. ఈవిడ మాత్రం కాదంటుంది.

కాపు మొదలైనప్పటినుంచీ అప్పుడప్పుడూ పడవ దిగి వస్తోంది. వాసన చూస్తుంది, ఒక కాయ కొనుక్కుంటుంది. వెళ్ళేముందు ఒకటే అడుగుతుంది.

"మీ తోట మూలనున్న ఆ చెట్టు కాస్తోందా బాబూ?"

"అది మా తల్లి చెట్టు. దానికేం, విరగకాస్తోంది."

ఈ కాలువ పొడుగునా ఉన్న పంపరపనసలన్నీ దాని పిల్లలే. పెద్ద వరదకు ఊరి తోటలన్నీ కుళ్ళిపోయిన ఏడు, ఆ ఒక్క చెట్టునూ ఎవరో బతికించారట. తోట చేతులు మారి చమ్లోంగ్ తండ్రి దగ్గరకు వచ్చేసరికి ఆ మనిషి పేరు కూడా వరదతోనే పోయింది. అందుకే చమ్లోంగ్ కూడా తండ్రిలాగే ఏటా చెట్టు మొదలుకు రంగు గుడ్డలు చుట్టి, తొలి కాయ పెట్టి, ఆ పేరు తెలియని చేతులకు దండం పెట్టుకునేవాడు.

ఆ రోజు కుర్చీలోంచి లేవబోయి మూలిగాడు.

"ఏం బాబూ, కాళ్ళా?"

"తొడలు పెద్దమ్మా. రోకలితో దంచినట్టుంది. బరువులు మోస్తాను కదా."

ఆవిడ చూపు బల్ల మీదికి పోయింది. కారం కలిపిన ఉప్పు గిన్నె పక్కన మాత్రల అట్ట ఉంది.

"ఇది కొలెస్ట్రాల్ మాత్ర కదూ?"

"గుండె డాక్టరు ఈ మధ్యే రాశాడు. ఏం?"

"నేనూ ఇదే వేసుకుంటాను. దీనికీ పంపరపనసకూ పడదు బాబూ. ఈ కాయ తింటే మందు ఒంట్లో పేరుకుపోతుంది, కండల్ని తినేస్తుంది. మూత్రం టీ రంగులో వస్తోందా?"

కాయలు ఎంచుతున్న ఆడవాళ్ళు చేతులాపి చూశారు.

నిన్నటినుంచీ అలాగే వస్తోంది. కానీ బేరం ముందు నిజం ఎవడొప్పుకుంటాడు?

"మా కాయ విషమంటావా? అవతలి ఒడ్డు దుకాణాలవాళ్ళు పంపారా నిన్ను?"

"విషమనలేదు. నీకు పడదన్నాను. మాత్ర నీ అంతట నువ్వు ఆపేయకు, నీ గుండెకి అది కావాలి. ఇవాళే ఆసుపత్రికెళ్ళు. కాళ్ళ సంగతీ కాయ సంగతీ రెండూ చెప్పు."

"ఒక్క తొన నోట పెట్టనిదానివి, పంపరపనస గురించి నీకేం తెలుసు? పడవెక్కు, పో."

ఆవిడకు కోపం రాలేదు. కాయను ఇంకోసారి వాసన చూసి, మెల్లగా బల్ల మీద పెట్టేసింది.

"నాకూ తినాలనే ఉంటుంది బాబూ," అని వెళ్ళిపోయింది.

చమ్లోంగ్ పౌరుషానికి పోయి అందరి ముందూ ఆ కాయంతా ఒలుచుకు తిన్నాడు.

మర్నాడు మంచం మీంచి కాళ్ళు దించలేకపోయాడు. మూత్రం నల్ల కాఫీలా వచ్చింది. భార్య లమ్యై పడవలో పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకుపోయింది.

"ఏమేం తింటారని మీ డాక్టరు అడగలేదా?" అంది అక్కడి డాక్టరమ్మ.

"అడిగారు. అన్నం, చేపలు అని చెప్పాను."

"పంపరపనస చెప్పలేదేం?"

"అది తిండి కాదండీ, పని."

డాక్టరమ్మ నవ్వలేదు.

"కండ కరిగి కిడ్నీల మీద పడింది. ఇంకాస్త ఆలస్యమైతే అవి దక్కేవి కావు. ఈ మాత్ర ఇప్పటికి నేను ఆపుతున్నాను. తేరుకున్నాక ఈ కాయతో పేచీ లేని రకం చూసి రాస్తాను. ఇంతకుముందు మీకెవరూ చెప్పలేదా?"

"ఒకావిడ చెప్పింది. తరిమేశాను," అన్నాడు చమ్లోంగ్, గోడవైపు చూస్తూ.

తేరుకుని ఇంటికొచ్చాక తల్లి చెట్టు దగ్గరికెళ్ళి అన్నిటికన్నా మంచి కాయ కోశాడు. అది పట్టుకుని పడవ రేవులో ఆవిడ గురించి అడిగాడు.

"సాయిబువా అనే పెద్దమ్మేనా? అవతలి ఒడ్డున చెల్లెలి కూతురింట్లో ఉండేది," అంది పడవ నడిపే ఆవిడ. "గుండె ఆగిపోయింది పాపం. ఇవాళే దహనం."

చమ్లోంగ్ వెళ్ళేసరికి ఇంకా నిప్పు పెట్టలేదు. ఆచారం ప్రకారం చెల్లెలి కూతురు శవపేటిక పక్కన నిలబడి, పోయినామె బతుకు నలుగురికీ వినిపిస్తోంది.

"వరద ఏడు ఇల్లు మునుగుతుంటే మా పెద్దమ్మ సామాను వదిలేసింది. తను అంటుకట్టి పెంచిన పంపరపనస చుట్టూ బురదతో గట్టు వేసి, వరద తీసేదాకా డబ్బాతో నీళ్ళు తోడిపోసింది. అరచేతుల తోలు ఊడిపోయినా ఆపలేదు. గుండెజబ్బుకి మందు మొదలయ్యాక ఆ కాయ తినకూడదన్నారు. వాసనైనా చూసి వస్తానని పడవెక్కేది. 'చెట్టు బాగుందే, కొత్త గుడ్డలు కట్టారు' అని వచ్చి చెప్పుకుని మురిసిపోయేది."

జనమంతా చేతులు జోడించారు.

కాయ పట్టుకున్న చమ్లోంగ్‌కు చేతులు జోడించడం కుదరలేదు. ఇన్నేళ్ళూ పేరు తెలియకుండా తాను దండం పెట్టిన చేతులు, ఆ రోజు కాయను మెల్లగా తన బల్ల మీద పెట్టేసిన చేతులే.