ఓబులేసు వాన నాట్యం

ఎడ్లబండి ఇంకా ఆగనేలేదు, సుబ్బరత్నమ్మ ఎదురొచ్చి ఆకాశం వంక చెయ్యి చూపించింది.

"శానా నల్లగుండాది. కాళ్లు కడుక్కోని బిరీన మొదలుపెట్టప్పా. ఓళిగలు తర్వాత తినొచ్చులే."

ఓబులేసు ఉబ్బిపోయాడు. పులివెందుల పక్క పల్లెలో, మొగుడు పోయాక అంత సేద్యాన్నీ ఒంటిచేత్తో నడుపుతున్న మనిషి, ఒక నాట్యగాడి కోసం వాకిట్లో నిలబడి ఎదురుచూడటమంటే మాటలా?

ఓబులేసుది ప్రొద్దుటూరు. కుర్రతనంలో మద్రాసు పారిపోయి, ఒక నాట్య బృందం వెంట తిరిగి తిరిగి, సరిగ్గా ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడాది ఊళ్లో దిగాడు. "మన రాష్ట్రం మనకొచ్చింది, మన నాట్యం మనకొద్దా?" అన్నాడు. వద్దని ఎవరూ అనలేదు. కావాలనీ అనలేదు.

అతని నాట్యంలో కృష్ణుడుండడు, గోపికలుండరు, అలగటాలూ బతిమాలటాలూ ఉండవు. ఎండ ఉంటుంది. గాలి ఉంటుంది. మబ్బు పుట్టి, కమ్మి, వాన కురుస్తుంది. అన్నీ అతనొక్కడే. పెళ్లి ఊరేగింపుల్లో పేరు మోసిన అమీర్ బాషా క్లారినెట్‌లో గాలి ఊదుతాడు. అతని జతగాడు మక్బూల్ ఇనప రేకు ఊపితే ఉరుము, డోలు మీద వేళ్లాడిస్తే చినుకులు.

జమ్మలమడుగులో మొదటిసారి ఆడినప్పుడు జనం విరగబడి వచ్చారు. ఆ సీమలో వాన పేరు చెబితే ఎవరు రారు? తీరా ఓబులేసు మబ్బై కమ్ముకునే సమయానికి, పైనున్న అసలు మబ్బు చల్లగా గండికోట వైపు జారుకుంది. ప్రొద్దుటూరులోనూ అంతే. ఎర్రగుంట్లలో అయితే, పొద్దున్నుంచి పడుతున్న తుంపర కూడా గజ్జెల చప్పుడు వినగానే ఆగిపోయింది.

"నేను కళాకారుణ్ణి. వానలు కురిపించే స్వామిని కాదు" అనేవాడు ఓబులేసు. అది పైకి. ఒక్కసారి, ఒక్క చినుకు, తన అడుగుకు రాలితే చాలునని లోపల ప్రాణం కొట్టుకుపోయేది.

భార్య కృష్ణమ్మకు ఓపిక అయిపోయింది.

"వానమొగుడు వస్తాండాడు, గొడుగులు లోపల పెట్టండని నగుతాండారు ఊర్లో. ఈసారన్నా చుక్క పడిందా, సరే. పడలేదా, ఆ గజ్జెలు పెన్నలో పారేసి మా అన్న అంగట్లో గుడ్డలు కొలుచుకో, పో."

బావమరిది అంగట్లో గజంబద్ద పట్టుకొని కూర్చోవటం!

ఊళ్లన్నీ పిలవటం మానేసినా సుబ్బరత్నమ్మ మానలేదు. మూడేళ్లుగా దీపావళి వెళ్లగానే బండి పంపుతోంది. అతను ఆడిన ప్రతిసారీ మబ్బు విడిపోయి ఎండ కాసింది. అయినా ఆమె మొహం చిట్లించలేదు. పైగా కొత్త పంచె పెట్టి, దండం పెట్టి మరీ సాగనంపింది. కళను కళగా చూడటమంటే అదీ, అనుకునేవాడు ఓబులేసు.

ఈసారి వస్తూ దారిలో బాషాను అడిగాడు కూడా. "మామా, ఆయమ్మకు మన ఆటలో అంతగా ఏం నచ్చిందంటావు?"

అమీర్ బాషా క్లారినెట్ తుడుచుకుంటూ, "మనల్ని పిలిచేది ఆయమ్మ ఒక్కతే. ఎందుకని అడగాకప్పా. పిలిచినప్పుడు ఆడు" అన్నాడు.

ఊరి బయట కళ్లంలో ఆట. ఊరంతా పిల్లాజెల్లాతో వచ్చి చుట్టూ కూర్చుంది.

"యాడా తగ్గించాకు. పూర్తిగా ఆడు, నీకు పుణ్యముంటాది" అంది సుబ్బరత్నమ్మ. ఆమె గొంతు వణికింది. కళ కోసం గొంతు వణికే మనిషిని ఓబులేసు అంతకుముందు చూడలేదు.

ముందు ఎండయ్యాడు. వేళ్లు విరిచి, నాలుక బయటపెట్టి, కళ్లమంతా పాకాడు. "అయ్యో, మూర్ఛేమో" అంది ఒక ముసలామె. పక్కామె ఊరుకోమంది. తర్వాత గాలయ్యాడు. అమీర్ బాషా బుగ్గలు బూరెలయ్యాయి. ఆ తర్వాత మబ్బు. నడుం వంచి, రెండు చేతులతో ఆకాశాన్ని తోడి పోసుకుంటున్నట్టు తిరిగాడు. చూస్తే, ఒక్కరి కళ్లూ అతని మీద లేవు. ఊరు ఊరంతా తలలెత్తి పైకి చూస్తోంది. తన నాట్యం జనం చూపును అంత ఎత్తుకు తీసుకుపోయినందుకు అతని ఒళ్లు పులకరించింది.

ముక్కు మీద ఏదో తడి తగిలింది. చెమట అనుకున్నాడు. భుజం మీద ఇంకొకటి. మక్బూల్ రేకు ముట్టుకోలేదు, ఉరుము మాత్రం ఉరిమింది.

పడింది! చినుకులు కాదు, ధారలు. ఓబులేసు ఏడ్చాడు. సిగ్గు విడిచి ఏడ్చాడు. ఇక అంగడి లేదు, గజంబద్ద లేదు. కళ్లు మూసుకొని, చేతులు చాచి, గిరగిరా తిరిగాడు. చుట్టూ జనం లేచారు. అరుపులు, కేకలు, పరుగులు. ఆనందం పట్టలేక చిందులేస్తున్నారనుకున్నాడు. క్లారినెట్ ఎప్పుడో ఆగిపోయిన సంగతి అతనికి తెలియనే లేదు.

ఎవరో రెక్క పట్టుకొని ఆపారు. కళ్లు తెరిచాడు. ఎదురుగా నిలువునా తడిసిన సుబ్బరత్నమ్మ. ఆమె కళ్లలోనూ నీళ్లే.

ఓబులేసు చేతులు జోడించాడు. "చూసినావా తల్లీ! నా ఆటకు వాన పడింది!"

సుబ్బరత్నమ్మ నెత్తి కొట్టుకుంది.

"నువ్వు ఆడితే చుక్క పడదనే గదప్పా, శెనక్కాయ పెరికి చేన్లో ఆరేసినప్పుడంతా నీకు బండి పంపిస్తాండేది!"