మగ్గం గుంటలో కాళ్ళు

మగ్గం గుంటలో కూర్చున్న చోటినుంచే రామలింగం విసిరిన చెప్పు గుమ్మం దాటి మంగళగిరి వీధిలో పడింది.

"బొంతలకేమో అనుకుని మిగిలిన నేత ముక్కలన్నీ మూటగట్టి ఇస్తే, చెప్పులు కుట్టుకొస్తావా? మగ్గం మీంచి కోసేటప్పుడు మేం కళ్ళకద్దుకునే బట్ట అది!"

"మీరు పొయ్యిలో వేసేవేగా అండీ," అంది అఫ్సా. విజయవాడ వన్ టౌన్‌లో చెప్పులు కుట్టే ఇంటి పిల్ల. "నా చెప్పు అరిగాక మట్టిలో కలిసిపోవాలి. అందుకే ప్లాస్టిక్ ముట్టను."

"అగ్గి పవిత్రం. కాలు కాదు. బయటికి నడువ్!"

అఫ్సా కదల్లేదు.

"మరి ఈ బట్ట నేసేటప్పుడు కింద తొక్కేది దేంతోనండీ?"

"నోర్ముయ్!"

వెనక భార్య భద్రమ్మ నూలు చుట్టడం ఆపేసింది.

రామలింగం పంతంగా మగ్గం తాడు అందుకున్నాడు. గుంటలోకి చూశాడు. నలభై ఏళ్ళుగా మగ్గం కింది చెక్కలు తొక్కుతున్న పాదాలు పగుళ్ళిచ్చి, నూలు దుమ్ము పట్టి ఉన్నాయి.

తొక్కబోయిన కాలు ఆగిపోయింది.

"నీ మీద కోపం పోయిందనుకోకు," అన్నాడు తలెత్తకుండానే. "ముందు ఆ చెప్పు లోపలికి తీసుకురా."