ఎప్పుడూ దీనితోనే

ఆయన స్నానానికి వెళ్ళిన పది నిమిషాల్లో కొంప ముంచాను. ఆయన పాడి కంప్యూటర్‌లో దాచిన పాట తెరవబోతే, "ఎప్పుడూ ఈ ప్రోగ్రాంతోనే తెరవాలా?" అని అడిగింది. ఏ ప్రోగ్రామో చూడకుండా సరేనని నొక్కాను. ముప్పై పాటల గుర్తులూ ఒక్కసారిగా మారిపోయాయి. ఏది తెరిచినా పాట రాలేదు, తెల్లకాగితం మీద పిచ్చి అక్షరాలు వచ్చాయి.

ఆడపడుచుకి ఫోన్ చేశాను.

"దేవుడా, పాటలన్నీ పాడుచేశానమ్మా! మీ అన్నయ్య బయటికొస్తే ఏం చెప్పను?"

"దేవుణ్ణి తర్వాత పిలుద్దువుగాని, ముందు పాట మీద మౌస్ కుడి బటన్ నొక్కు వదినా. 'దీనితో తెరువు' అని ఉందా? పాటలు వినిపించే ప్రోగ్రాం ఎంచుకుని, 'ఎప్పుడూ' దగ్గర టిక్ పెట్టు."

పెట్టాను. మళ్ళీ పాట మీద నొక్కాను.

"ఏమోయ్, రేపు ఆస్పత్రికి వెళ్ళేలోగా ఈ ఒక్కటీ పాడేస్తాను, విను," అంది కంప్యూటర్‌లోంచి ఆయన పాత గొంతు.

స్నానాలగది తలుపు తెరుచుకుంది. ఆయన తడితలతోనే వచ్చి నా పక్కన కూర్చున్నారు. ఆ పాటకి పెదవులు కలిపారు. మెడ మీద కుట్ల మచ్చ కదిలింది, అంతే.