రాజుగారి కోపం

"కొంచెం క్రూరంగా చూడరా నాయనా. జనాన్ని కాల్చుకుతిన్న రాజువి నువ్వు," అన్నాడు చిత్రకారుడు కుంచె ఊపుతూ.

అట్టకిరీటం పెట్టుకుని కూర్చున్న బావమరిది కనుబొమలు ముడిచాడు. క్రూరత్వం రాలేదు సరికదా, కడుపునొప్పి వచ్చినవాడిలా కనిపించాడు.

"నా వల్ల కావట్లేదు బావా. అద్దంలో చూసుకుని నువ్వే గీసుకోకూడదూ? రాజుకి ఎదురుగా నిలబడ్డ ఆ సాధువుని అలాగే గీశావుగా."

"సాధువు కాబట్టి నా మొహం సరిపోయింది. ఈ దుర్మార్గపు చూపు నా దగ్గర ఎక్కడిది?"

కాఫీ తెస్తున్న భార్య గుమ్మంలోనే నవ్వు మింగింది. బల్లమీద కప్పు పెట్టబోతుంటే ఆవిడ చెయ్యి తగిలి కుంచెలు కిందపడ్డాయి.

"కళ్ళు కనిపించడం లేదా? ఈ ఇంట్లో ఒక్కళ్ళకైనా బుర్ర ఉందా? నీ తమ్ముడికి కోప్పడటం కూడా చేతకాదు. మీ వంశమే అంత."

బావమరిది కిరీటం తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆవిడ మాత్రం గోడకున్న అద్దం తీసి, మొగుడి మొహానికి ఎదురుగా పట్టుకుంది.

తిట్టు సగంలో ఆగిపోయింది.

"కదలకు. అలాగే పట్టుకో," అంటూ గబగబా గీయడం మొదలుపెట్టాడు. కాఫీ చల్లారేలోపే బొమ్మలో రాజు కళ్ళెర్రజేసి కూర్చున్నాడు.

"చూశావా? కళాకారుడంటే అదీ. లేని కోపాన్ని కూడా క్షణంలో తెచ్చుకుంటాడు."

"నిజమేనండీ," అంది ఆవిడ అద్దం దించుతూ. "ఆ సాధువు మొహం తెచ్చుకోవడానికే పాపం, నెల పట్టింది మీకు."