రెండు గంటల పలక

మూడో పలక కూడా పాడయ్యాక ఎస్తేరు రాణి కాలేజీ ఎదురుగా ఉన్న టీకొట్టులో కూర్చుని అమ్మకి ఫోన్ చేసింది. మళ్లీ కరెంటు పోయిందని, ఇలాగైతే ఈ ఏడాదీ థీసిస్ అవదని తెలుగులో చెప్పుకుంది.

ఫోన్ పెట్టేసరికి పక్క బల్ల దగ్గరి మనిషి ఇటు తిరిగాడు. అరవైకి దగ్గర పడ్డ వయసు. లుంగీ, నీలం చొక్కా.

"ఏటి పాడైనాది పాపా?"

యాంగోన్‌లో తెలుగు మాట చెవినపడితే పెద్దవాళ్లు పలకరించకుండా పోరు. పేరు దండాసి అన్నాడు. ఏం పని చేస్తాడో ఆమె అడగలేదు. ఇక్కడ పెద్దవాళ్లందరినీ పిలిచినట్టే బర్మీస్‌లో 'ఊలే' అంది, అంటే బాబాయి. విసుగ్గానే సంగతి చెప్పింది.

గాజు పలక మీద రాగి పూత. వెంట్రుక మందంలో వందో వంతు కూడా ఉండదు. ఆ పూత నిండా రేణువులు. మూడు వందల డిగ్రీల వేడిలో ఉంచితే పెద్ద రేణువు పక్కనున్న చిన్నవాటిని కలుపుకుని పెరుగుతుంది. కొంతసేపయ్యాక ఆ పెరగడం ఆగిపోతుంది. ఎంతసేపటికి ఆగుతుందో చూపించడమే ఆమె థీసిస్. నడుమ కరెంటు పోతే కొలిమి చల్లబడుతుంది. ఆ పలక లెక్కలోకి రాదు.

"మరోటి సేసుకో."

"కుదరదు ఊలే. పన్నెండూ ఒకేసారి పూత పోసినవి. కొత్తవి వాటితో కలవవు. తొమ్మిది మిగిలాయి, తొమ్మిదీ కావాలి. వచ్చే వారం శుక్రవారం పెద్ద మైక్రోస్కోపు నా వంతు. తప్పితే మళ్లీ ఏడాదికే."

దండాసి టీ ఊదుకుంటూ ఆలోచించాడు.

"రేణువు పెరిగితే రాగి పెరిగినట్టా?"

"లేదు. ఉన్న రాగి అంతే."

"అయితే ఒకటి పెరగాలంటే పక్కది తగ్గాల."

కొలిమి ఎన్నింటికి వెలిగిస్తావని అడిగాడు. పొద్దున్న బీఎస్సీ వాళ్లు వాడతారు, తన పలక మధ్యాహ్నం రెండింటికి పెడతానంది. రేపెంతసేపని అడిగాడు. ఐదు నిమిషాలంది.

మర్నాడు రెండింటికి కరెంటు ఉంది. ఐదున్నరకి దండాసి కాలేజీ గేటు దగ్గర నిలబడ్డాడు.

"ఉన్నాదా?"

"ఉంది ఊలే."

"రేపెంతసేపు?"

"పది."

తర్వాత పదిహేను, ఇరవై, అరగంట, ముప్పావుగంట, గంట. రోజుకొక పలక, రోజూ అవే రెండు ప్రశ్నలు. కొలిమి వెలుగుతున్నంతసేపూ ఒక్కనాడూ కరెంటు పోలేదు. ఆర్పేశాక ఉందో పోయిందో ఆమె చూడలేదు. అమ్మ చర్చిలో చేయించిన ప్రార్థన ఫలించిందనుకుంది.

ల్యాబ్‌లో ఆమెతో చదివే తెలుగు కుర్రాడు సూరికి ఇదొక వేడుకైంది. ఐదున్నర అయితే చాలు, "మీ ఇన్‌స్పెక్టర్ వచ్చేడు, ఎల్లి హాజరు ఏయించుకో" అనేవాడు. మిగతావాళ్లు నవ్వేవారు.

ఎనిమిదో పలక గంటన్నర. అదీ బాగా వచ్చింది. ఇక ఒక్కటే మిగిలింది, రెండు గంటలది. పెరగడం ఆగిందని చూపించవలసింది అదే. ఆ సాయంత్రం దండాసి మళ్లీ గేటు దగ్గర ఉన్నాడు. సూరి ఆమె వెనకే వస్తున్నాడు.

"ఉన్నాదా?"

"ఉంది. రోజూ ఎందుకొస్తారు ఊలే? అందరూ నవ్వుతున్నారు."

"రేపెంతసేపో సెప్పీ పాపా, ఎల్పోతాను."

"మీకెందుకు?"

ఆయన ఏదో చెప్పబోయి సూరిని చూసి మానేశాడు. ఎస్తేరు గేటు మనిషికి బర్మీస్‌లో చెప్పింది, ఈయన్ని ఇక ఇక్కడ నిలబడనివ్వద్దని. వెనక్కి చూడకుండా బస్సెక్కింది.

గురువారం రెండింటికి తొమ్మిదో పలక కొలిమిలో పెట్టింది. కుర్చీ దగ్గరకు లాక్కుని కూర్చుంది.

మూడూ ముప్ఫై ఒకటికి కరెంటు పోయింది.

ఆమె కూర్చున్నచోటే ఉంది. మీటరు ముల్లు మూడు వందల నుంచి దిగుతూ వచ్చింది. నాలుగున్నర దాకా చూసింది. అప్పటికీ కరెంటు రాలేదు. పలక తీసి డబ్బాలో పెట్టింది. రెండు గంటల పలక ఇక లేదు.

దెబ్బలాడ్డానికే సబ్‌స్టేషన్‌కి వెళ్లింది. అక్కడికి చేరేసరికి ఐదు దాటింది. థూరా అనే కుర్ర ఆపరేటర్ అప్పుడే డ్యూటీ ఎక్కాడు. ఎనిమిది రోజులు ఉన్న కరెంటు ఇవాళే ఎందుకు తీశారని అడిగింది.

అతను ఆమెను ఒకసారి చూశాడు. రాగి పలకల అమ్మాయి నువ్వేనా అన్నాడు. మధ్యాహ్నం వచ్చే కరెంటు అన్ని లైన్లకూ చాలదని, ఈ నెల చార్టు ప్రకారం రెండింటికి ఆగవలసింది రోజూ కాలేజీ లైనేనని చెప్పాడు. దాన్ని ఆపకుండా ఉంచింది ఇక్కడ పగటి డ్యూటీ చేసే దండాసి. పైవాళ్లకి తెలిస్తే ఉద్యోగం పోతుంది, అందుకే బయట ఎవరికీ చెప్పలేదు. ఇవాళ కూడా స్విచ్చి దగ్గర ఆయనే ఉన్నాడు. డ్యూటీ దిగి ఇంటికెళ్లిపోయాడు.

"వెళ్తూ నాతో అన్నాడు," అన్నాడు థూరా. "ఆ పిల్ల ఈసారి ఎంతసేపో చెప్పలేదు, నిన్నటంతే అయ్యుంటుందిలే అని."

 మరి మాకు బదులు ఏ లైను ఆపారని ఎస్తేరు అడిగింది.

థూరా లాగ్‌బుక్ ఆమె వైపు తిప్పి వేలు పెట్టి చూపించాడు. తొమ్మిది రోజులూ దండాసి ఆపింది తన ఇల్లున్న వీధి లైను.