నోరు తెరిచే పిల్లి

లస్మయ్యకు ఒళ్లు మండిపోతోంది.

ఆ రోజు శుక్రవారం, సెలవు. ఉతికిన చొక్కా వేసుకుని, ఇండస్ట్రియల్ ఏరియాలోని లేబర్ క్యాంప్ నుంచి రెండు బస్సులు మారి దోహాలోని ప్రదర్శనకు వచ్చాడు. హాలు నిండా ప్రాచీన ఈజిప్టు జంతువుల బొమ్మలు. కప్పలు, కొంగలు, నీలిరంగు నీటిగుర్రాలు. ఆ గాజుపెట్టెల కింద దిమ్మెలన్నీ లస్మయ్య, తోటి వడ్రంగులు చేసినవే.

అతను చూడవచ్చింది మాత్రం ఒక్కదాన్నే. తాడు లాగితే నోరు తెరిచే చెక్కపిల్లి.

దాని ముందు గైడు రామకృష్ణారావు కొన్ని తెలుగు కుటుంబాలకు వివరిస్తున్నాడు.

"మూడు వేల ఏళ్ల కిందట ఏ తండ్రో బిడ్డకి చేసిచ్చిన ఆటబొమ్మండి ఇది. ఆ దవడ పనితనం చూడండి. ఇప్పుడలాంటి చేతులెక్కడున్నాయి? మన వడ్రంగులకి మేకులు కొట్టడం తప్ప ఏమొచ్చు?"

అందరూ నవ్వారు.

"ఎందుకు లెవ్వు సార్?" లస్మయ్య గొంతు హాలంతా వినిపించింది. "ఎవలకేమొస్తదో నువ్వు సూసినవా?"

"దీని గురించి నీకేం తెలుసయ్యా?"

"నాకు తెల్సినంత నీకు తెల్వది!"

అప్పుడే వడ్రంగుల ఫోర్‌మన్ గయాజ్ ఉరికొచ్చాడు. లస్మయ్య రెక్క పట్టి మూలకు లాక్కెళ్లాడు.

"ఎవడు రమ్మన్నడు నిన్ను ఈడికి? యల్లా, క్యాంప్‌కు నడువ్!"

"అందరొస్తున్నరు. నేనొస్తే ఏం మునిగింది?"

"నోర్ముయ్. ఇంకొక్క మాటంటే రేపే ఇంటికి తోలిస్త."

"తోలియ్! ఆయన అట్లంటుంటే నేను పడాల్నా? చెయ్యి తియ్ భాయ్!"

సెక్యూరిటీవాళ్లు ఇటే వస్తున్నారు. గయాజ్ గొంతు ఒక్కసారిగా మెత్తబడింది.

"నీకు దండం పెడ్త లస్మయ్యా. ఊకో. నా బతుకు ఆగమైతది."

లస్మయ్య పళ్లు కొరికాడు. రామకృష్ణారావు ఇంకా ఆ పిల్లి మీసాల గీతలనే మెచ్చుకుంటున్నాడు. జనంలోంచి ఎవరో "అబ్బ, ప్రాణం ఉన్నట్టుంది" అన్నారు.

గయాజ్ చెయ్యి విదిలించుకుని లస్మయ్య బయటికి నడిచాడు. పిడికిళ్లు ఇంకా బిగిసే ఉన్నాయి.

పది రోజుల కిందట పెట్టె విప్పుతుంటే గయాజ్ చేతిలోంచి జారి అసలు పిల్లి ముక్కలైంది. గాజు వెనక ఇప్పుడున్నది, నిర్మల్ బొమ్మలు చేసే ఇంట పుట్టిన లస్మయ్య, దాని ఫొటో చూస్తూ క్యాంప్ మంచం మీద కూర్చుని చెక్కిన పిల్లి.