ఆగిన ముద్ద

పక్షవాతం వచ్చినవాళ్లకి ఇప్పుడు చేతికి వేసుకునే యంత్రపు తొడుగే దిక్కు. ఇంట్లోవాళ్లను చూసి నేర్చుకుంటూ, పడిపోయిన చేతిని అదే కదిలిస్తుంది. నేర్చుకున్నప్పుడల్లా మణికట్టు దగ్గర పచ్చదీపం వెలుగుతుంది.

కోటయ్యగారికీ, భార్య భ్రమరాంబకూ ఒకే ఏడాది కుడిచెయ్యి పడిపోయింది. కంచం ముందు కూర్చోగానే తొడుగు ఆయన నోటికి ముద్ద అందించేది. అదే కసరత్తయి చెయ్యి తిరిగొచ్చింది. ఆయన తొడుగు అటకెక్కింది. భ్రమరాంబ మాత్రం చేతికి తొడుగున్నా రోజురోజుకీ చిక్కిపోతోంది.

ఆ మధ్యాహ్నం ఆవిడ కడుపు నకనకలాడుతోంది. కలిపిన ముద్ద పెదవులదాకా వచ్చి ఆగింది. చెయ్యి దాన్ని కంచంలో వదిలేసి, ఎదురుగా భోంచేస్తున్న భర్తకి మజ్జిగ పోసింది.

"మామయ్యగారి చెయ్యి బాగానే ఉందిగా! కంపెనీవాళ్లకి చెప్పరేం అత్తయ్యా?" అంది కోడలు హైమ.

"చెప్పానమ్మా. యంత్రం తప్పేం లేదన్నారు. ఆడవాళ్ల తొడుగు ఇంట్లో ఆడవాళ్లను చూసే నేర్చుకుంటుందట." భ్రమరాంబ గొంతు తగ్గించింది. "అది నిన్నే చూస్తోందే."

హైమ గబగబా కంచం పెట్టుకుని అత్తగారి పక్కనే కూర్చుంది. "అయితే ఇటు చూడమనండి," అంటూ ముద్ద ఎత్తింది.

"అమ్మాయ్, మంచినీళ్లు!" అన్నారు కోటయ్యగారు.

తొడుగు లేని హైమ చెయ్యి ముద్ద వదిలేసి చెంబు అందుకుంది.

భ్రమరాంబ మణికట్టు దగ్గర పచ్చదీపం వెలిగింది.